అంగుళం వదులు

గురువారం సాయంత్రం మనవరాలు కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, లోపలికి తల దూర్చి కూర్చుంది. అది చూసి అమ్మమ్మ చేతిలో పని పక్కన పడేసి వచ్చి వెనకాల నిలబడింది. పనంటే పెద్దదేం కాదు, పక్కింటివాళ్ళ కోటుకి పాత లైనింగు విప్పడం. నలభై ఏళ్ళ పైచిలుకు కుట్టుమిషన్ తొక్కిన మనిషి. కొట్టు మూసి మూడేళ్ళయినా చేతులు ఊరుకోవు. నోరైతే ఎప్పుడూ ఊరుకున్నది లేదు.

"ఇదేనా దీని పొట్ట?"

"పొట్టే అనుకో."

"ఆ తిరిగేదేంటి?"

"ఫ్యాను."

"ఈ పక్కదీ ఫ్యానే, ఆ వెనకదీ ఫ్యానే. దీనికేమే, ఇంత ఉక్కపోత?"

మనవరాలు నవ్వలేదు. మామూలుగా అయితే ఆ మాటకి నవ్వాలి. అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూలబడింది. సంగతేంటో తెలుసుకోకుండా ఇక లేచేది లేదని ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది.

మనవరాలికి ఇరవై రెండేళ్ళు. పగలంతా ఒక ఆఫీసులో ఫోన్లెత్తి ఊళ్ళోవాళ్ళందరి చేతా చీవాట్లు తింటుంది. ఇంటికొచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆట ఆడుతుంది. ఒక్కతీ కాదు, ఐదుగురు ఒక జట్టు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడతారు. ఒకరి మొహం ఒకరికి తెలీదు, అసలు పేర్లూ తెలీవు. జట్టు పెద్దని కందిరీగ అంటారు, ఆవిడా ఆడపిల్లే. అక్కడ మనవరాలి పేరు గుండుసూది. ఆఫీసులో ఏడాదయినా ఒక్క స్నేహం కుదరని పిల్ల, ఆ నలుగురితో మాత్రం గంటల తరబడి వాగుతుంది, పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు వినబడితే చాలు, పక్కగదిలో అమ్మమ్మ మిషన్ ఇంకాస్త హుషారుగా తిరుగుతుంది.

"మొన్న ఆదివారం మ్యాచ్‌లో నా బొమ్మ బిగుసుకుపోయింది అమ్మమ్మా," అంది మనవరాలు చివరికి. "అవతలి జట్టువాడు నా ఎదురుగానే వచ్చి నిలబడ్డాడు. నాకు కనబడేసరికి అంతా అయిపోయింది. కందిరీగ తిట్టలేదు కూడా. ఈ ఆదివారం నాలుగింటికి ఇంకో మ్యాచ్ ఉంది, అప్పుడూ ఇలాగే ఆగితే నీ చోట్లోకి ఇంకొకళ్ళని తీసుకుంటాను, ఏమనుకోకు అంది."

"ఏమనుకోకు అందా? అలా మెత్తగా చెప్పారంటే నిజంగానే తీసేస్తారే."

"ధైర్యం చెప్తావనుకున్నా."

"చెప్తా, చెప్తా. ముందు రోగమేంటో తెలియాలిగా."

రోగం గ్రాఫిక్స్ కార్డు. అది పాతదైపోయింది, మార్చాలి. కార్డు అనగానే అమ్మమ్మ పోస్టుకార్డంత ఉంటుందనుకుంది. మనవరాలు స్క్రూలు విప్పి బయటికి లాగి చేతిలో పెడితే బరువుకి చెయ్యి కిందికి జారింది.

"దీన్ని కార్డన్నదెవరే? శుభ్రంగా ఇటుక అనొచ్చు. ఏం చేస్తుందిది?"

"తెర మీద కనబడేదంతా ఇదే గీస్తుంది. ఒక బొమ్మ గీసి, అది తీసేసి ఇంకోటి, తీసేసి ఇంకోటి. సెకనుకి అరవై, డెబ్బై, వంద. అన్ని గీస్తేనే మనకి కదులుతున్నట్టు కనబడుతుంది. ఇది పాపం ముప్ఫై దాటలేకపోతోంది."

"సెకనుకి ముప్ఫై బొమ్మలా?" అమ్మమ్మ ఇటుకని తిప్పి చూసింది, దుమ్ము ఊదింది. "ఒళ్ళు కాలదూ మరి. అందుకా ఇన్ని ఫ్యాన్లు. అదీ సంగతి!" ఏదో పెద్ద చిక్కుముడి వీడినట్టు తల ఊపుకుంది.

మనవరాలి కన్ను మూడు ఫ్యాన్ల పెద్ద కార్డు మీద ఉంది. జట్టులో మిగతా నలుగురి దగ్గరా అదే ఉందట. చాలా పొడుగు, ఈ పెట్టెలో పడుతుందో లేదో ముందు కొలుచుకోవాలి అంది. కొలత అన్న మాట చెవిన పడితే అమ్మమ్మని ఆపేవాళ్ళెవరు? మెడలోని టేపు అప్పటికే చేతిలోకొచ్చింది. పెట్టె లోపల వెనక రేకు నుంచి ముందు ఫ్యాను దాకా టేపు సాగదీసి, కళ్ళు చికిలించి చూసి, కొలతల పుస్తకంలో పదమూడు అని రాసి కింద గీత గీసింది. మనిషికీ మనిషికీ కొలతలు మారతాయి గానీ ఆ గీత మాత్రం మారదు.

"పదమూడంగుళాలు. పో, ధైర్యంగా తెచ్చుకో."

"నువ్వూ రా."

"రమ్మనకపోయినా వచ్చేదాన్ని."

శనివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. కంప్యూటర్ సామాన్ల కొట్టు ఒక పాత భవనంలో రెండో అంతస్తులో ఉంది. ఇరుకు గది, నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు, మధ్యలో బల్ల మీద రెండు కంప్యూటర్లు. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ కళ్ళజోడు కోసమే బల్లంతా వెతుకుతున్నాడు. అమ్మమ్మ వేలితో చూపించాక ముగ్గురికీ చనువు ఏర్పడింది.

మనవరాలు కార్డు పేరు చెప్పగానే ఆయన నిచ్చెనెక్కి పెద్ద పెట్టె దించాడు.

"పొడుగు పన్నెండున్నర. మీ కేబినెట్‌లో, అదే మీ పెట్టెలో, చోటెంత ఉందమ్మా?"

"పదమూడు," అంది మనవరాలు, పుస్తకం చూసి మరీ.

"అయితే ఇబ్బంది లేదు. ఒక్కమాట, సీలు కోశాక వెనక్కి తీసుకోను. తర్వాత నన్నేమీ అనకూడదు." బ్లేడు తీసి సీలు మీద ఆనించాడు.

"ఆగు బాబూ," అంది అమ్మమ్మ. అడ్డు పడాలని కాదు, మనసులో ఒక ప్రశ్న అప్పుడే పుట్టింది, అది బయటికి రాకుండా ఉండదు. "ఇది లోపల బిగుతుగా కూర్చోవాలా, కాస్త వదులుండాలా?"

"కాస్త ఖాళీ ఉంటేనే మంచిది బామ్మగారూ. గాలాడాలి, వైర్లు మడత పడకూడదు. అరంగుళం ఉందిగా, చాలు."

"అరంగుళమేంటి, అంగుళం వేశానుగా వదులు."

కొట్టాయన బ్లేడు పైకెత్తాడు. "వేయడమంటే?"

"కొలిచిన దానికి ఒక అంగుళం కలిపి రాశాను. వదులు కలపకుండా ఏ కొలతా రాయను నేను. ఒంటికి అతుక్కుపోతే చెయ్యెత్తగలరా, కూర్చోగలరా?"

మనవరాలు పుస్తకంలోని పదమూడు వంకా, అమ్మమ్మ వంకా మార్చి మార్చి చూసింది.

"అమ్మమ్మా, టేపు మీద ఎంత చూశావు?"

"పన్నెండు."

ఆ మాట నోట్లోంచి వచ్చాకే అమ్మమ్మకి వెలిగింది. చెయ్యి బుగ్గ మీదికి పోయింది. "అయ్యో నా మతి మండా! కార్డు ఒళ్ళు, కేబినెట్టు చొక్కా. నేను చొక్కాని కొలిచి చొక్కాకే వదులు కలిపానే!" బతుకంతా ఒంటిని కొలిచి గుడ్డ కత్తిరించింది. కుట్టేసిన చొక్కా తెచ్చి, దీనికి సరిపడా మనిషిని చూపించమని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ అలవాటు చేతి వేళ్ళలోకి దిగిపోయి, బుర్రని అడక్కుండానే పన్నెండుని పదమూడు చేసింది.

కొట్టాయన బ్లేడు మడిచి జేబులో వేసుకున్నాడు. "సీలు కోయలేదు, అదృష్టవంతులం," అన్నాడు, నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంటూ.

మనవరాలు తిట్టలేదు, విసుక్కోలేదు. అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "పెద్ద కేబినెట్ ఉందా?"

"సోమవారం వస్తుంది. పైగా ఈ కార్డుకి మీ పవర్ సప్లై కూడా చాలదేమో, చూడాలి. రెండు ఫ్యాన్లది ఇస్తాను, తొమ్మిదిన్నరే. ఇవాళే పడుతుంది."

"వద్దండీ. అందరికీ పెద్దదే ఉంది. నేనొక్కదాన్నే చిన్నదానితో వెళితే..." మాట పూర్తి చేయలేదు. అక్కర్లేదు కూడా. రేపు నాలుగింటికి కందిరీగ గొంతు ఎలా ఉండబోతోందో ఆ పిల్ల మొహం మీద రాసి ఉంది.

అమ్మమ్మ టేపుని మడిచి గుప్పెట్లో పెట్టుకుంది. తప్పు తనది. కానీ సిగ్గుపడుతూ కూర్చుంటే రేపు ఆదివారం ఆగుతుందా? నోరు మళ్ళీ తెరుచుకుంది.

"బాబూ, ఆ పెద్దది చేసేదీ, ఈ చిన్నది చేయలేనిదీ ఏంటి?"

"బొమ్మలు ఎక్కువ గీస్తుంది. ఈ అమ్మాయి ఆడే ఆటకి పెద్దది సెకనుకి రెండొందలు గీస్తే, చిన్నది నూట ఇరవై గీస్తుంది."

"గీసినవన్నీ తెర చూపిస్తుందా?"

ఆయన కళ్ళజోడు సరిగా పెట్టుకుని అమ్మమ్మని మొదటిసారి శ్రద్ధగా చూశాడు. తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. "మీ తెర ఎంతమ్మా?"

"డెబ్బై ఐదు," అంది మనవరాలు, నేల చూస్తూ.

"అంటే?" అంది అమ్మమ్మ.

"అంటే సెకనుకి డెబ్బై ఐదు బొమ్మల కన్నా ఎక్కువ చూపించలేదు బామ్మగారూ."

"మరి మిగతావి ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు. గీసినవాడికే తెలుస్తుంది, గీశానని."

"తేడా ఉంటుందండీ," అంది మనవరాలు రోషంగా. "అందరూ అంటారు. నాకు తెలుస్తుంది."

"తెలిస్తే మంచిదే. చూద్దాం పట్టు," అంది అమ్మమ్మ. గుడ్డ కొనేటప్పుడు ఆవిడ పద్ధతి ఒకటుంది. రేటు చీటీ చూడదు. రెండు తానులూ చెరో చేతిలో పెట్టించుకుని, కళ్ళు మూసుకుని నలిపి చూస్తుంది. "ఈ బల్ల మీద రెండున్నాయిగా. ఒకదాంట్లో పెద్దది, ఒకదాంట్లో చిన్నది పెట్టు బాబూ. ఏది ఏదో దీనికి చెప్పకు. తెరలు రెండూ మా ఇంటి తెరలాగే చెయ్యి. ఆడి చెప్పమందాం."

పెద్ద కార్డు అమ్మితే ఆయనకే లాభం. అయినా ఆ సంగతేమిటో చూడాలన్న దురద ఆయనకీ పట్టుకుంది. బల్ల మీదున్న రెండింటిలో అవే కార్డులున్నాయట, చూపించడానికి పెట్టుకున్నవి. మనవరాల్ని గది బయట నిలబెట్టి, పెట్టెలు రెండూ బల్ల కిందికి తోసి, తెరలు రెండూ డెబ్బై ఐదుకి దించి, తెర మూలన సెకనుకి ఎన్ని బొమ్మలో చూపించే అంకె మీద అట్టముక్కలు అంటించాడు. అమ్మమ్మ ఆ అట్టముక్కలు అటూ ఇటూ సమానంగా ఉన్నాయో లేదో టేపు పెట్టి చూసింది. ఈసారి ఏమీ కలపలేదు.

మనవరాలు ఎడమదాని మీద పది నిమిషాలు ఆడింది, కుడిదాని మీద పది. వేళ్ళు టకటకలాడుతున్నాయి. తెర మీద మనుషులు గోడలు దూకుతున్నారు. అమ్మమ్మకి రెండూ ఒకేలా కనబడ్డాయి గానీ ఆవిడకేం తెలుసు, ఊపిరి బిగబట్టి మనవరాలి మొహమే చూసింది.

"ఎడమది పెద్ద కార్డు," అంది మనవరాలు. "మెత్తగా ఉంది."

కొట్టాయన వంగి ఎడమ పెట్టె బయటికి లాగాడు. గాజు పలక వెనకాల రెండే ఫ్యాన్లు.

మనవరాలు చెవుల దాకా ఎర్రబడింది. "ఇంకోసారి," అంది. మళ్ళీ బయటికి పంపి, ఈసారి తెరల తీగలు మార్చారో లేదో కూడా చెప్పలేదు. రెండోసారి సరిగ్గానే చెప్పింది. కొట్టాయన చప్పట్లు కొట్టబోయాడు.

"కొట్టకండి. ఊహించి చెప్పాను," అంది. మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. అమ్మమ్మకి నాలుక దురద పెడుతోంది, అయినా పెదాలు బిగించుకుంది. ఇది పిల్ల తేల్చుకోవలసిన సంగతి.

"చిన్నదే ఇవ్వండి," అంది మనవరాలు.

ఇంటికెళ్ళి బిగిస్తే కార్డు పెట్టెలో సుఖంగా కూర్చుంది, ముందు వైపు బోలెడు చోటు మిగిలింది కూడా.

ఆదివారం నాలుగింటికి అమ్మమ్మ కుర్చీ లాక్కుని వెనకాల కూర్చుంది. మాట్లాడనని ఆవిడ చేత ఒట్టు వేయించుకుని మరీ మనవరాలు ఆట మొదలుపెట్టింది. చెవులకి బరువుగా ఉన్నాయని వంక పెట్టి హెడ్‌ఫోన్లు తీసి స్పీకరు పెట్టింది, నిజానికి అమ్మమ్మ వింటుందని. ఆ పిల్ల భుజాలు మొదటి పావుగంటా చెవుల దాకా లేచే ఉన్నాయి. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ బిగుసుకుంటుందో అని. బొమ్మ ఆగలేదు. అరగంటయింది. భుజాలు మెల్లగా దిగాయి. తర్వాత ఆ పిల్ల కార్డు సంగతే మర్చిపోయింది, "ఎడమవైపు నేను చూస్తా, నువ్వు పో, పో!" అని అరవడం మొదలుపెట్టింది.

ఓడిపోయారు. కొద్దిలో ఓడిపోయారు. స్పీకర్లో అంతా ఒక్కసారిగా మూలిగారు.

"తప్పు నాదేలే," అంది కందిరీగ గొంతు. అమ్మమ్మ అనుకున్నంత కటువుగా లేదు, జలుబు చేసినట్టుంది. "చివర్లో ఆ వంతెన మీదికి నేను వెళ్ళకుండా ఉండాల్సింది. గుండుసూదీ, ఇవాళ నీ బొమ్మ ఎక్కడా ఆగలేదు. పెద్దది కొన్నావా?"

మనవరాలు ఒక్క క్షణం తటపటాయించింది. "లేదు. చిన్నదే."

"ఓహో. ఎలా ఉందో తర్వాత చెప్పు, మా తమ్ముడికి కొనాలి. వచ్చే ఆదివారం నాలుగింటికే. ఆలస్యంగా వచ్చావంటే ఊరుకోను."

ఒక్కొక్కళ్ళూ వెళ్ళిపోయారు. మనవరాలు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. మొహమంతా నవ్వు. అమ్మమ్మ ఆ నవ్వు చూసి, ఇక ఒట్టు తీరిపోయినట్టే అని నిశ్చయించుకుని, కుర్చీ ముందుకి జరిపి తెర మీద వేలు పెట్టింది.

"ఆ మూల మెట్లున్నాయి చూడు. అవి ఎక్కితే ఏమొస్తుందే?"

"ఏమో అమ్మమ్మా. మ్యాచ్‌లో అటు వెళ్ళే పని పడదు. ఎప్పుడూ ఎక్కలేదు."

"రెండేళ్ళ నుంచీ ఆడుతూ ఎక్కలేదా?"

"ఎక్కలేదు."

"పద మరి," అంది అమ్మమ్మ.