మోకాళ్ల లెక్క

"మోకాళ్లు అరిగిపోయాయిగా, ఇంకా ఆ ఎలుకల ఉద్యోగం దేనికి? మానేసి ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నాడు మా ఆయన ఇంతోన్. ఆయన పైన వసారాలో చాప మీద వాలి టీవీలో బాక్సింగు చూస్తున్నాడు. నేను కింద, ఇంటిని మోసే స్తంభాల మధ్య, బొగ్గుల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని జిగురన్నం ఆవిరికి పెడుతున్నాను. 'హాయిగా' అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చి, ఇంత పొగ మింగి దగ్గాను.

అవి ఎలుకలు కావు, గినీ పందులు. ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. చియాంగ్ మై ఊరవతల పరిశోధనశాలలో వాటిని చూసుకోవడం నా పని. మనకున్న జబ్బే వాటికీ ఉంది. ఎవరూ దెబ్బ కొట్టక్కర్లేదు, వయసు పైబడితే చాలు, మోకాలి కీలులో మెత్తటి పొర దానంతటదే అరిగిపోతుంది. మనకు ముప్పై ఏళ్లు పట్టేది వాటికి ఏడాదిన్నరలో అయిపోతుంది. అందుకే మా డాక్టర్ వరిస్రా వాటిలో సగానికి మందు ఇచ్చి, సగానికి ఇవ్వకుండా, తేడా చూస్తుంది. ఏ సగానికి ఇచ్చిందో నాకు చెప్పదు. నేను ఒక్కోదాని ముందు పది నిమిషాలు కూర్చుని, అది మేత కోసం ముందుకాళ్లెత్తి నిలబడిన ప్రతిసారీ చేతిలోని మీట 'టక్'మని నొక్కాలి. మీట మీద అంకె పెరుగుతుంది. అంతే పని, కానీ కన్ను ఉండాలి. ఏడో నంబరుకు ఎడమ మోకాలు పోయిందని, ఆ కీలు సూక్ష్మదర్శిని కిందికి రాకముందే నేను చెప్పాను. వరిస్రా చూసి "పెద్దమ్మా, నీ కంటికి మొక్కాలి" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో నా కంటికి ఎవరూ మొక్కలేదు. నా చేతి పచ్చిమిరప పచ్చడికి మాత్రం అప్పుడప్పుడూ మొక్కారు.

ఏడాదికోసారి, చనిపోయిన ఆ మూగజీవాల పేరిట భిక్షువులకు భోజనం పెడతాం. పోయిన వారం అక్కడే నా గుట్టు రట్టయింది. గంటసేపు కాళ్లు మడిచి కూర్చున్నాను, ప్రార్థన అయ్యాక లేవలేకపోయాను. ఇద్దరమ్మాయిలు చెరో రెక్కా పట్టి లేపారు. వరిస్రా పక్కకు తీసుకెళ్లి "ఎన్నాళ్లుగా?" అని అడిగింది.

"అబ్బే, ఏం లేదమ్మా. బాగానే ఉన్నాను."

"ఇందుకే మనుషుల కంటే జంతువులు నయం" అందా పిల్ల నవ్వుతూ. "అవి అబద్ధం ఆడవు. చెప్పింది వినకూడదు పెద్దమ్మా, చేసింది లెక్కపెట్టాలి."

ఆ సంగతి ఊళ్లో వాళ్ల నోటపడి మా ఆయన చెవిన పడింది. అప్పటినుంచి మొదలుపెట్టాడు, మానెయ్యి మానెయ్యి అని. పాపం, ప్రేమే. జనాన్ని ఎక్కించుకుని తిప్పే తన ఎర్ర బండి అమ్మేసి ఇంటిపట్టున ఉంటున్నప్పటినుంచి ఆయన ప్రేమంతా సలహాల రూపంలోనే వస్తోంది. దెప్పడానికి మా అత్తగారు ఉండనే ఉంది. "మా రోజుల్లో పొద్దంతా నాట్లు వేసొచ్చి ఇంటెడు చాకిరీ చేసేవాళ్లం. ఎలకల ముందు కూర్చుంటే మోకాళ్లు పోతాయటమ్మా!" నిజంగానే నాకూ అనుమానం వచ్చింది. ఒకవేళ ఆయన అన్నట్టు ఉద్యోగం వల్లేనేమో! ఆ ఉద్యోగం మానడమంటే నా ప్రాణం తీసి గట్టున పెట్టడమే. అక్కడ నాకో ఎత్తుపీట ఉంది, నా పేరు రాసిన తెల్లకోటు ఉంది, నేను చెబితే రాసుకునే మనిషి ఉంది. ఉత్తపుణ్యాన వదులుకోలేను. వదులుకోవలసే వస్తే, ముందు లెక్క తేలాలి.

శుక్రవారం పరిశోధనశాలలో, గొంతుక్కూర్చుని లేచిన ప్రతిసారీ, మెట్లెక్కిన ప్రతిసారీ మీట నొక్కుకున్నాను. సాయంత్రానికి పందొమ్మిది. వరిస్రాను అడిగి మీట ఇంటికి తెచ్చుకున్నాను. "పోల్చడానికి ఇంకో జంతువు ఉండాలి పెద్దమ్మా. అదే వయసు, అదే ఇల్లు, అదే తిండి. లేకపోతే లెక్కకు విలువ లేదు" అంది.

ఉందమ్మా, చాప మీద ఉంది అనుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున మొదలుపెట్టాను. పొయ్యి దగ్గర కూర్చుని లేస్తే టక్. అన్నం బుట్ట పట్టుకుని పైకెక్కితే టక్. "పంది చర్మం వడియాలేవీ?" అంటే కిందికెళ్లి మళ్లీ పైకి, టక్. బట్టల తొట్టి దగ్గర టక్, అత్తగారి కాలికి తైలం రాసి లేస్తే టక్.

"ఏమిటే ఆ టక్ టక్?" అన్నాడు మా ఆయన.

"నా మోకాళ్లే" అన్నాను.

"చూశావా! మానెయ్యమని అందుకే చెప్పేది."

రాత్రి భోజనాల దగ్గర, లెక్క రాసుకున్న కాగితం తీశాను. డాక్టరమ్మ ముందు చదివినట్టే చదివాను.

"పరిశోధనశాలలో పందొమ్మిది. ఇంట్లో ఎనభై ఏడు. పోల్చడానికి పెట్టుకున్న జంతువు, మగది, యాభై ఎనిమిదేళ్లు, నాలుగు."

"నాలుగా?" అన్నాడు మా ఆయన. "ఎక్కువే ఉంటాయి. సరిగ్గా చూడలేదు నువ్వు."

"చూశాను. అందులో ఒకటి ఒళ్లో బల్లి పడినప్పటిది."

మా అత్తగారికి పొరబోయింది. దగ్గు కాదు, నవ్వు. కళ్లు తుడుచుకుని మీట నా చేతిలోంచి తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది. ఎనభై ఏళ్ల వేలితో ఒకసారి నొక్కింది. టక్. "యాభై ఏళ్ల కిందట ఇది నా చేతికి వచ్చుంటే" అంది. కొడుకు వైపు తిరిగి, "మీ నాన్నది నాలుగు కూడా ఉండేది కాదురా" అంది. ఆమె మీద నాకున్న సగం కోపం ఆ పూటే కరిగిపోయింది.

"అయితే ఇప్పుడేమంటావు?" అన్నాడు మా ఆయన.

"మీరు చెప్పిందే. మోకాళ్లు అరగదీసే ఉద్యోగం మానేస్తున్నాను. ఈ ఇంట్లోది."

అన్నం బుట్ట ఆయన ముందు పెట్టాను. బియ్యం రాత్రే నానబెట్టాలని, పొయ్యి ఎలా రాజేయాలో అమ్మను అడగమని చెప్పాను. మీట కూడా ఆయన చేతిలోనే పెట్టాను. పొద్దున్నే తెల్లకోటు వేసుకుని, తొమ్మిది మెట్లూ ఆ పూటకి ఒకే ఒక్కసారి దిగి, పనికెళ్లే బండెక్కాను.

సాయంత్రం వచ్చేసరికి ఆయన కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మీట మీద నలభై ఒకటి. రెండు చేతులూ మోకాళ్ల మీదే ఉన్నాయి.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"అబ్బే, ఏం లేదు. బాగానే ఉన్నాను."

ఆ మాట నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లు నేనే అన్నాను. నిజంగా జాలేసింది. పక్కన కూర్చుని ఆయన మోకాలికి కాస్త తైలం రాశాను. తర్వాత మీట సున్నాకు తిప్పి, రేపటికి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాను.