వల మీద పది నిమిషాలు

ఎండుచేపలు తిరగేయడం అయ్యాక రాజకుమారి ఒక్కసారిగా నిటారు కాలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, జానెడు జానెడు తొడల మీదికి పాకిస్తూ లేచింది. లేచాక, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నడుం నొప్పి వచ్చి మూడేళ్ళు. ఆ చూపు వచ్చీ మూడేళ్ళే.

బందరు ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి చెప్పింది పెద్ద పనేం కాదు. "పొద్దున్నే పది నిమిషాలు వెల్లకిలా పడుకోండి. ఒక్కో మోకాలూ గుండెల దాకా తెచ్చి పది లెక్కపెట్టండి. ఏదన్నా ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచండి. రోజూ చేయాలండీ, మానకూడదు." మాత్రలు మింగడం కంటే ఇదే కష్టమైంది. ఒంటిగది ఇల్లు. గుమ్మంలో అత్త తాతమ్మ, మంచం మీద మొగుడు కొండలరావు. తెల్లారాక ఆడది పడుకుని కాళ్ళు పైకి లేపితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

అందుకని వలలు పెట్టే పాకలోకి వెళ్ళింది. గచ్చు గట్టిగా ఉంది, కుప్పగా పడున్న వల మెత్తగా ఉంది. దాని మీదే పడుకుంది. తొమ్మిది రోజులు దొంగలా చేసుకుంది. కాస్త తెరిపిచ్చింది కూడా. పదో రోజు తాతమ్మ చూసింది.

"ఒరే కొండలూ, నీ పెళ్ళాం వల మీద కాళ్ళు బారజాపి పడుకుందిరా. పడవ ఒట్టిగా ఎందుకొస్తందా అనుకుంటన్నా."

ఆడది వల దాటితేనే చేప పడదంటారు అక్కడ. కొండలరావు కొట్టలేదు, నవ్వాడు. "మారాణికి పరుపు కావాల్సొచ్చిందేంటే?" వల కోసమొచ్చి వెనకాల నిలబడ్డ పడవవాళ్ళు ముగ్గురూ నవ్వారు. పక్కకి దొర్లి, చెయ్యి ఆనించి, జారిన పైట పట్టుకుని ఆమె లేచేదాకా నవ్వుతూనే ఉన్నారు. "పసుపునీళ్ళు చల్లి దణ్ణం పెట్టు. మొత్తం వలకి," అన్నాడు కొండలరావు.

చల్లింది. నడుం వంచి, వల పొడుగునా. తప్పు చేశాననే అనుకుంది. అనుకుంటుండగానే చేతికి నీలం దారంతో వేసిన అతుకు తగిలింది. మాఘమాసంలో తను అల్లింది. మూడు రోజులు ఇదే వల కాళ్ళ మీద పరుచుకుని, దాని మీదే కూర్చుని, నడుం పడిపోయేలా వంగి. కొండలరావు టీ తెచ్చి మరీ ఇచ్చాడు. "తొందరగా కానీవే, ఎల్లుండి వేటకెళ్ళాలి." అప్పుడు వలకి ఏ మైలా అంటలేదు. ఆ వారం పడవ నిండుగానే వచ్చింది.

మర్నాడు పొద్దున్న మంచానికీ గుమ్మానికీ మధ్య చాప పరిచింది.

"వల చిరిగింది, కూర్చుని అతుకెయ్యి," అన్నాడు కొండలరావు.

"నా కాలు తగిల్తే చేప పడదన్నారుగా మావా. ఇక ముట్టను."

"సిగ్గు లేదటే నీకు," అంది తాతమ్మ.

"ఉందత్తా."

నిజంగానే ఉంది. చెవులు కాలిపోతున్నాయి. వీధిలోవాళ్ళు తొంగిచూస్తున్నారు. రాజకుమారి వెల్లకిలా పడుకుని, మోకాలు గుండెల మీదికి తెచ్చుకుని, అందరికీ వినపడేలా అంది.

"ఒకటి."