చూపని వేలు

మా సైకిలు క్లబ్బులో పంపకం సులువు. ముందు తొక్కేవాడికి ఎదురుగాలి, వెనక తొక్కేవాడికి నమ్మకం. వెనకవాడికి ముందువాడి చక్రమూ పిరుదులూ తప్ప రోడ్డన్నది కనిపించదు. నా వెనక తొక్కేవాళ్ళకైతే చక్రం కూడా కనిపించదు. అందుకని గొయ్యి వస్తే ముందువాడు చెయ్యి కిందికి చాచి వేలితో చూపాలి. కంకర వస్తే అరచెయ్యి ఆడించాలి. అక్టోబరులో అయితే చూపడంతో ఆగకుండా "అక్రోట్లూ!" అని గొంతు చించుకోవాలి. మా కెర్సీ కొండల్లో రోడ్డు మీదికి వంగిన అక్రోటు చెట్లు ఆ నెలలోనే రాలతాయి. వానకు నానిన తొక్కలు నల్లగా కుళ్ళి, తారు మీద సబ్బు రాసినట్టే ఉంటుంది.

నా పేరు రెజీస్. యాభై మూడేళ్ళు. వారానికి నాలుగు సంతల్లో వెన్న, మేకపాల చీజు అమ్ముతాను. నా కేక పక్క ఊరికి ఉచితం. వెన్న అమ్మేవాడికి వెన్ను ఉండదని నా మీద నేనే జోకేసుకుని అమ్మకాలు పెంచుకునేవాణ్ణి. ఈ అక్టోబరు దాకా అది జోకే.

ఇంకో ఆచారం చెప్పాలి. ఊరి పేరు బోర్డు కనపడిందా, పందెం. ఎవరూ ప్రకటించరు, ఎవరూ ఏమీ ఇవ్వరు. ముందుగా బోర్డు దాటినవాడు వారం రోజులపాటు గెలిచినవాడిలా మాట్లాడతాడు, మిగిలినవాళ్ళు భరిస్తారు. ఈ ఏడాది పద్నాలుగు బోర్డులు సెవెరిన్‌వి. సెవెరిన్ నాతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. పాత ఇళ్ళకు రాతిపలకల కప్పులు వేస్తాడు. మేకలా కొండెక్కుతాడు. ఈ ఏడాది నావి సున్నా బోర్డులు. వారమంతా మాట్లాడటానికి నాకు బోర్డు అక్కరలేదు గానీ, ఒక్కసారైనా కారణం ఉండి మాట్లాడాలని కోరిక.

రోక్‌బ్రియాక్ ఊరు కొండ కొనమీద, ఏడొందల ఏళ్ళనాటి కోటగోడల్లో ఇరుక్కుని ఉంటుంది. ఆ దారి మాకందరికీ ఎక్కేటప్పుడు దిగులు, దిగేటప్పుడు ఎక్కిళ్ళు. చివరి మలుపు తిరిగాక మాత్రం రెండొందల మీటర్లు చిన్న పల్లం, ఎడమన రాతిగోడ, కుడిపక్క ఆ ఊరి నోయెలీ అవ్వ అక్రోటు చెట్లు మూడు, వాటి అవతల బోర్డు, ఆ వెనక కోట వాకిలి. రైతులు ప్రభుత్వం మీద కోపమొచ్చి ఆ ఊరి బోర్డును తలకిందులుగా బిగించి పోతే, సరిచేసే నాథుడు లేడు. వ్యాపారులు బోర్డు తిప్పేయడం చూశాను, ఊరే బోర్డు తిప్పేయడం అక్కడే చూశాను.

ఈ అక్టోబరులో ఒక ఆదివారం ఆ మలుపులో నేను ముందున్నాను. ఎలా ఉన్నానని అడగొద్దు, సెవెరిన్‌కు జలుబు. నా వెనక జానెడు దూరంలో అతని ఊపిరి వినిపిస్తోంది. కుడిపక్క చెట్ల కింద నల్లటి మరక కనిపించింది. అక్రోట్లు, తొక్కలు, ఆకులు, అన్నీ కలిసి ముద్ద. నేను కొంచెం ఎడమకు జరిగాను. వెనకవాడికి చూపాలి. చూపాలంటే హ్యాండిల్ మీంచి చెయ్యి తీయాలి, చెయ్యి తీస్తే వేగం పోతుంది. అరవాలంటే ఉన్న ఊపిరి కాస్తా ఖర్చవుతుంది. జీవితంలో ఎన్నడూ నోరు మూసుకోనివాణ్ణి, ఆ ఒక్క క్షణం మూసుకున్నాను.

బోర్డు దాటి రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తాను. చూపడానికి ఒక్కటి ఖాళీ లేనివాడికి, గెలిచాక రెండూ ఖాళీ అయ్యాయి. అప్పుడు వినిపించింది, వెనక రాతిగోడకు ఇనుము కొట్టుకున్న చప్పుడు.

తొక్కేవాడు తొక్క మీద జారాడు. తుంటరిని నేను, తుంటి విరిగింది అతనికి. ఈ మాట సంతలో అంటే ఇద్దరు నవ్వారు.

మిగతావాళ్ళు వచ్చేసరికి సెవెరిన్ రోడ్డు మీద పడి పళ్ళు బిగించుకుని ఉన్నాడు. మా క్లబ్బు పెద్ద సొలాంజ్ టీచరు. రిటైరై పదేళ్ళయినా మమ్మల్ని మూడో తరగతిలోనే ఉంచింది. సైకిలు దిగీ దిగకముందే అడిగింది.

"ముందున్నది నువ్వే కదా రెజీస్. చూడలేదూ?"

"ఎక్కడ కనిపిస్తాయి టీచర్, అంతా నీడ. ఎవరికీ కనిపించే వీలు లేదు."

అబద్ధం చిన్నది. కానీ నా చేతిలో ఆగలేదు, సొలాంజ్ టీచరు చేతిలో వాక్యమైంది. వారం తిరిగేసరికి మేయరుకు లేఖ తయారైంది. 'రాలిన కాయలు సైకిలు తొక్కేవారికి కనిపించే వీలు లేదు. కావున ప్రమాదకరమైన ఆ మూడు చెట్లను కొట్టించ ప్రార్థన.' ముందు తొక్కినవాడు, పడినవాడు ఇద్దరూ సంతకాలు పెడితే ఆ వచ్చే సోమవారమే రంపం వస్తుందని మేయరు మాట ఇచ్చాడు. నాకెప్పుడూ సంతలో పని, సంతకంతో కాదు. లేఖ జేబులో పెట్టుకుని, సంతకం పెట్టలేక, పెట్టననీ చెప్పలేక రెండు వారాలు తిరిగాను.

శనివారం సంతకు నోయెలీ అవ్వ వచ్చింది. ఎనభై దాటింది. ఆ మూడు చెట్ల కాయలతో నూనె తీయించి, సీసాల్లో పోసి, చలికాలమంతా వాటితోనే నెట్టుకొస్తుంది.

"ఏం అవ్వా, వెన్న కావాలా, నా వెన్ను కావాలా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"నువ్వు నోరు మూసుకుంటే వినాలని ఉందిరా," అంది. నవ్వలేదు. "ఆ బాబు ఎలా ఉన్నాడు?"

"లేస్తాడు అవ్వా. కర్ర పట్టుకుని."

"రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని రోడ్డు ఊడుస్తాను కదరా. ఆ ఒక్కరోజు మోకాలు సహకరించలేదు. మధ్యాహ్నం ఊడ్చేద్దాంలే అనుకున్నా." చేతిసంచీ పిడి మెలిపెట్టుకుంటూ నిలబడింది. "మేయరుతో చెప్పేశా. కొట్టుకోమన్నా. మా అమ్మ నాటినవే, అయితే ఏం? మనిషిని పడేసిన చెట్లు నాకెందుకు?"

"అది నీ తప్పు కాదవ్వా."

"మరెవరిది?"

అవ్వ వెనక నలుగురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. "వానది," అన్నాను. అవ్వ తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజు మిగిలిన చీజునంతా తప్పుగా కోశాను.

మర్నాడు క్లబ్బు వాళ్ళు కొండెక్కుతుంటే నేను కారెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. సెవెరిన్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఇక ఇంటికప్పు ఎక్కనివ్వరని డాక్టరు ఆ ముందురోజే చెప్పాడట.

"చీజు తెచ్చావా?"

"తెచ్చాను. దాంతోపాటు ఒక కాగితం కూడా. తినేది కాదులే."

లేఖ తీసుకుని చదివాడు. రెండోసారి ఇంకా మెల్లగా చదివాడు.

"'కనిపించే వీలు లేదు.' ఈ వాక్యం ఎవరిదిరా?"

"సొలాంజ్ టీచర్ది."

"రాత ఆవిడది. నోరు ఎవరిది?"

"మన ఊళ్ళో నోరంటే ఒకటే కదరా ఉంది," అన్నాను. అతను నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు.

"నీ కుడిచేతి వేలు లేచింది," అన్నాడు సెవెరిన్. "హ్యాండిల్ మీంచి ఇంత లేచింది. మళ్ళీ ముడుచుకుంది. ఏముందిరా అనుకునేలోగా నా కింద రోడ్డు లేదు."

వేలు లేచిన సంగతి నాకే తెలియదు. నేను చేయనిచ్చి ఉంటే, నా చెయ్యి ఆ పని చేసేదేనన్నమాట.

"మూడు వారాలుగా తెలిసి ఎందుకు అడగలేదు?" అన్నాను.

"నువ్వు చెప్తావని. వచ్చినప్పుడల్లా జోకులేశావు, నర్సులు పగలబడి నవ్వారు. నేను మాత్రం కాచుకుని కూర్చున్నా. చీజు కోశాక చెప్తాడు. కాఫీ తాగాక చెప్తాడు. కోటు తొడుక్కునేటప్పుడైనా చెప్తాడు. ప్రతిసారీ కోటు తొడుక్కుని వెళ్ళిపోయావు." లేఖను నా మోకాలి మీద పెట్టాడు. "బోర్డు కోసమేనా?"

"బోర్డు కోసమే."

"కారణం ఇంకొంచెం పెద్దదైతే బాగుండేదిరా."

అతని బల్ల మీద పెన్ను ఉంది. సొలాంజ్ టీచరు వాక్యం కొట్టేశాను. కింద రాశాను: 'అక్రోట్లు నాకు కనిపించాయి. చూపితే పందెం పోతుందని చూపలేదు. చెట్లకూ వాటి యజమానికీ ఇందులో తప్పు లేదు.' సంతకం పెట్టాను. చాలా పెద్దగా వచ్చింది, చిన్నగా పెట్టడం నాకు చేతకాదు. సెవెరిన్ తీసుకుని దాని కింద తన పేరు కూడా రాశాడు. ఆ తర్వాత ఫోను నా వైపు తోశాడు.

కొండ మీద ఎక్కడో ఆగి, సొలాంజ్ టీచరు ఫోను ఎత్తింది. రాసింది రాసినట్టు చదివాను.

"మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివాను.

"మేయరుకు నేను చెప్తాను. రంపం ఆపించే పూచీ నాది," అంది. "నోయెలీకి మాత్రం నువ్వే వెళ్ళి చెప్పాలి. గట్టిగా చెప్పు, ఆవిడకు ఒక చెవి వినపడదు. వీధంతా విన్నా నష్టం లేదు." ఫోను పెట్టేముందు అంది, "ఇక మన జట్టులో నిన్ను ముందు పెట్టను రెజీస్. వెనకా పెట్టలేను. నువ్వు ఎక్కడ ఉండాలో ఆలోచించుకోనీ."

ఫోను పెట్టేశాక సెవెరిన్‌ను అడిగాను. "మరి నువ్వు?"

"నేనేమిటి?"

"నన్ను తిట్టవా?"

"తిడితే నీకు తేలికవుతుంది," అన్నాడు, కిటికీలోంచి చూస్తూ.

అంతలో నడక నేర్పే అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. అతని కుర్చీ ముందు పట్టుకుని నడిచే ఇనుప కడ్డీలు రెండు సర్ది, "ఇవాళ తలుపు దాకా వెళ్దామా, సెవెరిన్ గారూ? అయ్యా, మీరు ఆ పక్క చెయ్యి పట్టుకోండి, ఒక్క నిమిషం. నేను కర్ర తీసుకొస్తా," అని నాకు పురమాయించి వెళ్ళింది.

లేచి అతని పక్కన నిలబడి చెయ్యి అందించాను. సెవెరిన్ ఆ చేతిని చూశాడు. ముఖంలో కోపం లేదు, కోపమే నయం అనిపించేంతగా ఏమీ లేదు. రెండు చేతులూ కుర్చీ పిడుల మీద పెట్టుకుని, కూర్చున్నచోటే కూర్చుని, ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.