చప్పుడు లేని పళ్లెం

సక్కుబాయి నేల మీద పడి ఉంది, బల్ల మీద పళ్లెం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

చప్పుడు లేకుండా.

గుండ్రటి వేపచెక్క పళ్లెం. దాని మీద ఉప్పు, మామిడి తొక్కు, పిల్లల కోసం చేసిన తీపి గరిజెల డబ్బా. అన్నీ మెల్లగా ఒక చుట్టు తిరిగి... ఆగాయి.

డబ్బాకు మూత లేదు.

వంటింట్లోంచి వచ్చిన కోడలు మనీషా ముందు డబ్బాను చూసింది. తర్వాత అత్తను. అత్త పెదవుల మీది చక్కెర పొడిని.

తొండుపల్లి మీదుగా విమానం దిగుతోంది. ఆ మోతలో ఆమె అరుపు ఆమెకే వినిపించలేదు.

శంషాబాద్ దవాఖానలో షుగర్ మిషన్ అంకె కూడా చూపలేదు, దాని కొలతకు అందనంత ఎక్కువ. ఇది ఒక్కపూట తిన్నది కాదు, చాలా రోజులుగా సాగుతోంది అన్నాడు డాక్టర్. తెలివి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

చాలా రోజులుగా.

కార్గో డ్యూటీ నుంచి అట్లాగే వచ్చిన కొడుకు వీరేందర్, ఆ మాట విని పెళ్లాం వైపు తిరిగాడు.

గోడకు ఆనుకుని బాలమల్లు నిలబడి ఉన్నాడు. పక్కింటి వడ్రంగి. రక్తసంబంధం లేదు. అయినా సక్కుబాయికి తమ్ముడే, వీరేందర్‌కు మామే.

ఆ పళ్లెం అతను చేసిందే.

సక్కుబాయి మోకాళ్లు లేవనివ్వవు. అందుకని గిన్నెలే ఆమె దగ్గరికి రావాలి. మొదట ఇనుప బేరింగు వేసి ఇచ్చాడు. తిరిగింది. కానీ తిప్పినప్పుడల్లా — కర్... కర్...

ఇల్లంతా వినిపించేది. వెంటనే వంటింట్లోంచి మనీషా గొంతు. తొక్కు కోసమా అత్తమ్మా, గరిజెల కోసమా? అందరూ నవ్వేవాళ్లు. సక్కుబాయి కూడా నవ్వేది.

కొన్నాళ్లకు ఆమె నవ్వడం మానేసింది.

ఒక మధ్యాహ్నం బాలమల్లును సైగ చేసి పిలిచింది.

"తమ్మీ, జర దీని నోరు మూయించు. నా ఇంట్ల కూసొని నా మీదనే చాడీలు చెప్తుంది."

అతను నవ్వాడు. పళ్లెం చంకన పెట్టుకుని పోయాడు.

బేరింగు పీకేశాడు. తుమ్మచెక్కతో ఇరుసు చెక్కాడు. గరుకు కాగితంతో రుద్దాడు. మైనం పూశాడు. కింద ఉన్నిబట్ట చుట్టు అంటించాడు. తను పనిచేసే కాటేదాన్ షెడ్డులో మిషన్ల రొద. అక్కడ ఏ చప్పుడు ఉందో, ఏది పోయిందో తెలియదు. అందుకని ఇంటికి తెచ్చాడు.

ఇంటి మీద విమానాలు.

చెక్కకు చెవి ఆనించి కూర్చున్నాడు. విమానం వస్తుంది — ఆగుతాడు. పోతుంది — తిప్పుతాడు. ఎక్కడో ఇంకా సన్నటి గీర... మళ్లీ రుద్దుతాడు. మళ్లీ విమానం. మళ్లీ ఆగుతాడు.

చివరికి తన ఊపిరే వినిపించింది.

మంచి పని, అనుకున్నాడు. దవాఖాన గోడకు ఆనుకుని ఇప్పుడూ అదే అనుకుంటున్నాడు. అదే అతన్ని తింటోంది.

బేరింగు తుప్పు పట్టిందని మనీషాకు చెప్పాడు. అబద్ధం కూడా చప్పుడు లేకుండా తిరిగింది.

ఆమె అనుమానించింది. డబ్బా తీసి అటక మీద పెట్టబోయింది. అప్పుడు ఆపింది అతనే. అక్క ముట్టనని తనతో ఒట్టేసిందన్నాడు. దాస్తే పెద్దమనిషి మనసు చిన్నబోతుందన్నాడు.

మనీషా డబ్బాను మళ్లీ పళ్లెం మీద పెట్టింది.

ఇప్పుడు దవాఖానలో వీరేందర్ గొంతు లేవలేదు. లేవకపోవడమే భయంగా ఉంది.

"సప్పుడు బందయిందని నీకెరుకే గద. గరిజెలు ఆమె ముందర ఎందుకు పెట్టినవ్?"

మనీషా ఒక్కసారి బాలమల్లు వైపు చూసింది.

ఒక్కసారే.

తర్వాత తల దించుకుంది.

"నాదే తప్పు," అంది.

అతని పేరు చెప్పలేదు. చెప్తుందేమోనని అతను భయపడ్డాడు. చెప్పనందుకు ఇంకా ఎక్కువ భయపడ్డాడు. రేపు సక్కుబాయి లేవకపోతే, ఈ మాట ఈ పిల్ల నెత్తి మీద బతికినన్నాళ్లూ ఉంటుంది. అతను మాత్రం పక్కింట్లో రంద పట్టుకుని, చెక్క నున్నగా చేసుకుంటూ...

అద్దం అవతల సక్కుబాయి ఛాతీ లేచి పడుతోంది. చప్పుడు లేకుండా.

బాలమల్లు గోడను వదిలాడు.

"వీరేందర్, ఆ పిల్లను అనకు. డబ్బా దాస్తనన్నది. నేనే వద్దన్న. బేరింగుకు తుప్పు పట్టలే. కోడలికి ఇనపడొద్దని అక్క చెయ్యమన్నది, చేసిన. ఎందుకని అడగలే. అడిగితె చెప్తదని అడగలే."

మనీషా వైపు తిరిగాడు.

"ఒట్టు గూడ అబద్ధమే. అక్క ఎన్నడూ నాతోని ఒట్టెయ్యలే. ఓ దినం నేను పోయేసరికి తింటున్నది. నన్ను చూసి దాసుకోలే. మూతి మీద ఏలు పెట్టింది... పళ్లెం నా దిక్కు తిప్పింది. ఎంత మంచిగ తిరిగిందో. నాకొకటి పెట్టింది.

తిన్న."