మొయినాబాద్ మెరుపు

పెళ్ళయి నెల తిరగలేదు, కంపెనీవాళ్ళు జగదీశ్‌కు తేల్చి చెప్పేశారు. చేవెళ్ళలోని ఇంటికి నెట్ వస్తే ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. రాకపోతే సోమవారం నుంచి మాదాపూర్‌లో హాస్టల్.

ఆ ఊరికి నెట్ రావాలంటే గాలిలోనే రావాలి. మొయినాబాద్ టవరు మీది డిష్షూ, ఇంటి మీద బిగించే డిష్షూ ఒకదానికొకటి నేరుగా కనబడాలి. దాన్ని లైన్ ఆఫ్ సైట్ అంటారట. మధ్యలో చెట్టు కొమ్మ అడ్డమొచ్చినా పని జరగదు. అందుకే జగదీశ్ భార్య వర్షిత చేతి అద్దం పట్టుకుపోయి, నెట్ కంపెనీ మనిషి గోవర్ధన్ వెంట టవరెక్కాడు. అక్కడి నుంచి ఎండను ఇంటి వైపు మళ్ళిస్తాడు. మెరుపు ఎక్కడి నుంచి కనబడితే అక్కడ డిష్షు.

"కనవడ్తున్నదా?" ఫోన్లో అతని గొంతు.

"లేదు." వర్షిత మేడ మీదంతా తిరిగింది. ఎటు నిలబడ్డా ఫామ్‌హౌస్ నీలగిరి చెట్లే.

"జల్ది చూడు వర్షీ. పొద్దు గూకుతున్నది. గోవర్ధన్ అన్న దిగుమంటున్నడు. ఇయ్యాల దొరకకుంటే మనింటికి నెట్ రాదని రాసి పంపిస్తడట."

చెట్ల వరుస చివర చిన్న సందు. బర్రెల కొట్టం మీది నుంచైతే అది సూటిగా ఉంటుందేమో! పిట్టగోడ దాటి సిమెంటు రేకు మీద కాలు పెట్టింది. టప్‌మంది.

కింద పాలు పిండుతున్న అత్త కృష్ణమ్మ తలెత్తి అరిచింది. "ఓ పిల్లా! రేకు పల్గి బర్రె మీద పడ్తవ్!"

"జరసేపే, అత్తమ్మా!"

"గట్లయితే నట్లున్న కాడ అడుగెయ్యి. దాని కింద పైపుంటది. నడుమ తొక్కకు!"

మెట్టెలు జారకుండా వేళ్ళు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, నట్టు నుంచి నట్టుకు కదిలింది వర్షిత. ఎండ ఎర్రబడింది. ఫోన్లో గోవర్ధన్ కసురుతున్నాడు. చివరి నట్టు. తల ఎత్తింది.

చెట్ల సందులో, ఎంతో దూరాన, చుక్కలా ఒక మెరుపు. ఆరింది. మళ్ళీ మెరిసింది.

"కనవడ్డది! నా అద్దమే! కొట్టం కొస మీద!"

"కదలకు, గాడనే ఉండు!" అవతల జగదీశ్ కేక. "అన్నా, రాస్కో, కొట్టం కొస!"

వర్షితకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాళ్ళ కింది రేకు గుర్తొచ్చి ఆగింది.

"అత్తమ్మా, ఇప్పుడు ఎట్ల దిగాలె?"

కృష్ణమ్మ మళ్ళీ పాలు పిండసాగింది. "వాడొచ్చి దింపుతడు తియ్యి. ఇంక ఇంట్లనే ఉంటడు గద!"