నైరుతిలో మంచుకొండ

నేను ఒక పారను. పార అనగానే మీకు మట్టి, కాలవగట్టు, తలపాగా గుర్తొస్తాయేమో, అవేవీ నేనెరుగను. పుట్టి బుద్ధెరిగాక నేను ముట్టుకున్నది మంచు ఒక్కటే. నా రేకు అల్యూమినియం. వెడల్పెక్కువ, బరువు తక్కువ. నా కర్ర కాస్త వంకర తిరిగి ఉంటుంది. అది లోపం కాదు, ఎత్తేవాడి నడుం పట్టెయ్యకుండా కావాలనే అలా వంచారు. నన్ను చేసిన ఫ్యాక్టరీవాళ్ళు మనిషి నడుము గురించి అంత శ్రద్ధ తీసుకున్నారు. మనిషి బుర్ర గురించి మాత్రం ఏ జాగ్రత్తా తీసుకోలేదు.

నా కాపురం కెనడాలో విన్నిపెగ్ అనే ఊళ్ళో. ఎముకలు కొరికే చలి అన్న మాటని తెలుగువాళ్ళు ఎప్పుడో గుంటూరు డిసెంబరుకే ఖర్చు పెట్టేశారు. ఇక్కడికొచ్చాక ఈ చలిని ఏమనాలో తెలీక, ఊరికే పళ్ళు కొట్టుకుంటూ కూర్చున్నారు.

నన్ను కొన్నాయన పేరు దక్షిణామూర్తి. తెనాలి దగ్గరి మనిషి. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో వేడిగాలి ఏ గొట్టంలోంచి రావాలో, పొగ ఏ గొట్టంలోంచి పోవాలో బొమ్మలు గీసి చెప్పే ఇంజినీరు. అంత చదువుకున్నవాడు కొట్లోకి వచ్చి నా రేకు చూడలేదు, కర్ర చూడలేదు. జేబులోంచి దిక్సూచి తీసి, దక్షిణపు గోడకు వేలాడుతున్న పారలన్నిటినీ వదిలేసి, ఉత్తరపు గోడకున్న నన్ను దించాడు. నాకప్పుడే అనుమానం రావలసింది. కానీ కొత్తగా అమ్ముడుపోయినవాళ్ళకి ఆ సంబరంలో ఏమీ తోచదు.

అవి దసరా రోజులు. ఆయుధపూజలో కారు, లాప్‌టాప్, మిక్సీ వరసలో చివర నన్నూ నిలబెట్టి పసుపు రాసి బొట్టు పెట్టారు. పెట్టినావిడ దక్షిణామూర్తి భార్య హైమవతి. అప్పుడామెకు ఏడో నెల. వంగలేక వంగి బొట్టు పెడుతూ, దీనితో ఎవరు పని చేస్తారో గానీ దేవుడు వాళ్ళకి ఓపికివ్వాలి అంది. ఆ ఇంట్లో నాకు నచ్చిన మొదటి మాట అది.

ఇల్లు వాళ్ళు కొత్తగా కొన్నది. అంతకుముందు అద్దె అపార్టుమెంటులో ఉండేవారు, అక్కడ మంచు ఎవరు తీసేవారో, ఎటు వేసేవారో ఈయనకి పట్టలేదు. సొంతిల్లనేసరికి మాత్రం తూర్పు వాకిలి, ఆగ్నేయంలో వంటగది, నైరుతిలో పడకగది, ఇవన్నీ కుదిరేదాకా ఊరంతా జల్లెడ పట్టాడు. చూపించి చూపించి ఇళ్ళ బ్రోకరు వృత్తి మానేసి టీచరైపోయాడట.

మొదటి మంచు పడింది. వీధిలో అందరూ బయటికొచ్చి, కారుదారి మీది మంచుని చెరో పక్కకీ విసిరేసి, లోపలికి పోయి కాఫీ తాగారు. దక్షిణామూర్తి నన్ను పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఒక పక్కకు వేస్తే ఈశాన్యం, అక్కడ బరువు పెట్టకూడదు. రెండో పక్కకు వేస్తే ఆగ్నేయం, అగ్ని ఉండే చోట మంచు పొయ్యడమేమిటి? విజయవాడలో విరూపాక్షయ్యగారనే వాస్తు సిద్ధాంతికి ఫోను చేశాడు. ఆయన జన్మలో మంచు చూసింది చెరకురసం గ్లాసులోనే. అయినా తడుముకోలేదు. ఎత్తూ బరువూ ఎప్పుడైనా నైరుతిలోనే ఉండాలి నాయనా, మంచైతేనేం మట్టైతేనేం అన్నాడు.

నైరుతి అంటే ఇంటి వెనక మూల. ఇక చూడండి మా తంటా. బట్టల ప్లాస్టిక్ బుట్టకు తాడు కట్టి, నాతో మంచెత్తి అందులో నింపి, ఇంటి దక్షిణపు గోడ పక్కనుంచి లాక్కెళ్ళి, వెనక మూల కుమ్మరించి, మళ్ళీ ముందుకు రావడం. పక్కింటి ముసలాయన పీటర్ వరండాలోంచి చూసి, ఈయన మంచు దాచుకుంటున్నాడు, ఏదో వ్యాపారం ఉంది అనుకున్నాడు. పాపం, తన మంచు మిషను ఇస్తానన్నాడు కూడా. అది మంచుని గాలి ఎటు వీస్తే అటు చల్లుతుంది కాబట్టి దక్షిణామూర్తి వద్దన్నాడు. దిక్కుమాలిన మిషను అని ఇంట్లో చెప్పాడు. నిజానికి అది సరైన మాటే.

ఒంటి మీదికి ఏం వేసుకోవాలో కూడా పీటరే చెప్పాడు. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, చెమట పట్టేలోపే పై పొర ఒకటి విప్పెయ్యాలి, తడిసిన బట్టతో నిలబడితే చలి ముందు అక్కడే పట్టుకుంటుంది అన్నాడు. దక్షిణామూర్తి శ్రద్ధగా తలూపాడు. తలూపడం మా యజమానికి బాగా వచ్చు. మర్నాడూ అదే నూలు బనీను, దాని మీద స్వెట్టరు, దాని మీద కోటు, పైన బెజవాడ నుంచి తెచ్చుకున్న మంకీ టోపీ. బనీను లేకుండా తెలుగువాడు ఇల్లు కదలడు మరి. రెండు బుట్టలు లాగేసరికి లోపల చెమటతో పిండేట్టు తడిసేవాడు, మూడో బుట్టకి ఆ తడి చల్లబడి గజగజ వణికేవాడు. నా రేకుకి మంచు అంటుకోకుండా నూనె రాయాలని ఎక్కడో విని కొబ్బరినూనె రాశాడు. ఆ చలికి అది తెల్లగా గడ్డకట్టి, అంటుకోవాల్సినదాని కంటే రెట్టింపు మంచు అంటుకుంది. ఆ రోజు నేను పారలా లేను, పెళ్ళికి పాకం పట్టిన పిండివంటలా ఉన్నాను.

ఆ నైరుతి మూల గోడకి మోకాలెత్తున ఒక తెల్ల గొట్టం బయటికి చూస్తూ ఉంటుంది. కింద సెల్లారులో ఇల్లంతా వేడి చేసే ఫర్నేసు ఉంది, దాని ఊపిరి ఈ గొట్టంలోంచి పోతుంది. నా అంచు దానికి ఒకటి రెండుసార్లు ఠంగున తగిలింది. దక్షిణామూర్తి వంగి చూడలేదు. ఆఫీసులో గొట్టం కనిపిస్తే ఆయన ఇంజినీరు, ఇంట్లో కనిపిస్తే నైరుతి మూలలో ఒక అడ్డు, అంతే.

డిసెంబరు చివర ఆడపిల్ల పుట్టింది. హైమవతి తల్లి వర్ధనమ్మగారు పురిటికి వచ్చి ఉన్నారు. ఆవిడ వచ్చీ రాగానే కూతురి చెవుల్లో దూది పెట్టి, తలకు ఉన్ని శాలువా చుట్టి, నడుముకి గుడ్డ బిగించి, కాళ్ళకు రెండేసి మేజోళ్ళు తొడిగి, శొంఠిపొడి తినిపించి, నైరుతి గదిలో మంచం మీద కూర్చోబెట్టారు. గుమ్మం దాటడానికి లేదు. ఆ గదికి ఒక్కటే కిటికీ. దాంట్లోంచి కనిపించే లోకమల్లా మేం పోసిన మంచుగుట్ట, దాని వెనకనుంచి గొట్టం వదిలే తెల్లటి ఆవిరి. పిల్లకి పాలిచ్చినంతసేపూ ఆమె ఆ ఆవిరినే చూస్తూ ఉండేది. దిక్కులన్నీ చదివిన మొగుడు చూడనిది, గదిలో కట్టేసిన పెళ్ళాం చూసింది.

ఇరవైయొకటో రోజున బారసాల పెట్టుకున్నారు. ముందు రోజంతా మంచు కురిసింది. పొద్దున్నే దక్షిణామూర్తి, చుట్టాల్లాంటి స్నేహితులు వస్తున్నారని, ముందు దారంతా ఎత్తి నైరుతికి మోశాడు. గుట్ట కిటికీ అంచుదాకా పెరిగింది. అది చూసుకుని ఎంత మురిసిపోయాడో. నైరుతి ఇంత ఎత్తుగా ఉన్న ఇల్లు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు అన్నాడు. అది నిజమే.

అతిథులొచ్చి కోట్లు విప్పారు. కాసేపటికి మళ్ళీ తొడుక్కున్నారు. ఫర్నేసు ఆగిపోయింది. ఊపిరి పోయే దారి మూసుకుపోతే అది తనంతట తనే ఆగిపోతుంది, మనుషుల కంటే వివరమున్న యంత్రం. బాగుచేసేవాళ్ళకి ఫోను చేస్తే సాయంత్రం వస్తామన్నారు. ఇంట్లో ఉన్న మగవాళ్ళలో సగం మంది ఇంజినీర్లు. అందరూ ఇంట్లో వేడి ఎంతుందో చూపించే గోడ మీది మీట చుట్టూ మూగి, అంకె పడిపోతోంది, పడిపోతోంది అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒకావిడ పొయ్యి వెలిగించమంది. ఇంకొకావిడ దిష్టి తగిలిందని ఉప్పు తిప్పింది. పిల్లని మా ఇంటికి తీసుకెళ్దాం అని ఎవరో అంటే, వీధిలో మంచు ఇంకా తియ్యలేదు, మీ కార్లు ఇక్కడిదాకా రావడమే గగనమైంది, దారిలో కూరుకుపోతే పసిగుడ్డు గతేమిటని వర్ధనమ్మగారు ఒప్పుకోలేదు. ఉయ్యాల్లో పిల్ల అరికాళ్ళు నీలం తిరిగాయి. ముందు గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత ఏడుపు సన్నబడింది. ఏడుస్తున్నప్పటికంటే ఏడుపు సన్నబడ్డప్పుడు హైమవతికి ఎక్కువ భయమేసింది. పిల్లని జాకెట్టు లోపల గుండెకి హత్తుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది.

ఇవన్నీ వసారాలో గోడకానించి ఉన్న నాకు వినిపిస్తూనే ఉన్నాయి. నోరుంటే ఒక్క మాట చెప్పేవాణ్ణి. పారకు నోరివ్వకుండా విరూపాక్షయ్యగారికి ఫోనిచ్చాడు భగవంతుడు.

దక్షిణామూర్తి ఆయనకే ఫోను చేశాడు. ఇల్లు చల్లబడటం ఈశాన్య దోషమే, అక్కడెక్కడో బరువు మిగిలిపోయింది, తీసి నైరుతికి చేర్చు అని తీర్పు వచ్చింది. పేరు రాయాల్సిన బియ్యప్పళ్ళెం అలా వదిలేసి ఈయన నన్ను పట్టుకుని పరిగెత్తాడు. మెట్ల పక్కన మిగిలిన మంచంతా గీకి, మోసుకొచ్చి, గుట్ట మీద పోశాడు. పిల్ల మీద ఆయనకూ ప్రాణమే, అది నేను కాదనను. ప్రేమతోనే ఆ గొట్టం మీద ఇంకో నాలుగు బుట్టలు పోశాడు.

లోపల తన గదిలో హైమవతి అలవాటుగా కిటికీ వైపు చూసింది. ఆవిరి లేదు. మంచు అద్దం దాకా వచ్చి నిలబడి ఉంది. పిల్లని తల్లి చేతుల్లో పెట్టి లేచింది.

“పచ్చి బాలింతవి, గడప దాటుతావటే నువ్వు?” అన్నారు వర్ధనమ్మగారు.

ఆమె వినలేదు. మొగుడి పాత బూట్లు, పాత కోటు తొడుక్కుని వెనక తలుపు తీసుకుని వచ్చింది. నాకు ఒకటి అప్పుడే తట్టింది. చెవుల్లో దూది, తలకు ఉన్ని, నడుముకి కట్టు, కాళ్ళకి రెండేసి మేజోళ్ళు. ఈ ఊళ్ళో మంచెత్తడానికి సరిగ్గా తయారైన మనిషి అంటూ ఉంటే ఆ ఇంట్లో ఈమె ఒక్కతే. మంచులోకి వెళ్ళకుండా చేసిన ఏర్పాటంతా మంచులోకి వెళ్ళడానికే పనికొచ్చింది.

“ఇలా ఇవ్వండి,” అని నన్ను లాక్కుంది.

ఒంట్లో ఓపిక లేదు. ఒక్కో పారకీ ఆగి ఊపిరి తీసుకుంది. నిండుగా ఎత్తలేదు, సగం సగం ఎత్తింది, విసరకుండా పక్కకి తోసింది. నన్ను వంకరగా చేసిన పుణ్యాత్ముడు ఎవరోగానీ ఆ పూట ఆయన రుణం తీరింది. దక్షిణామూర్తి వద్దు హైమా, వద్దు హైమా అంటూ చుట్టూ తిరిగాడు. కిటికీ అవతల అతిథులంతా వరసగా నిలబడి చూస్తున్నారు. నా అంచు ఠంగుమంది.

“ఇదేమిటో చెప్పండి,” అంది ఆమె.

ఆయన వంగి చూశాడు. మంచుతో బిరడా వేసినట్టు మూసుకుపోయిన గొట్టం. ఇలాంటివి జీవితంలో ఎన్ని గీశాడో. చేతి తొడుగులు పీకేసి, వేళ్ళతో మంచు తవ్వి తీశాడు, సెల్లారులోకి దూకి ఫర్నేసు మీట ఆపి మళ్ళీ వేశాడు. బయట మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత గొట్టం ఒకసారి దగ్గినట్టు చేసి, సన్నగా తెల్లటి ఆవిరి వదిలింది. హైమవతి అక్కడే మంచులో కూలబడి ఏడ్చింది.

ఆయన తిరిగొచ్చి ఆమెను లేవదీశాడు. లేవదీస్తూనే అలవాటు మానలేక, ఇంత మంచు ఇప్పుడు ఎక్కడ వెయ్యడం అన్నాడు.

“ఈశాన్యంలో.”

“అక్కడ బరువు పెట్టకూడదు హైమా.”

“బరువెక్కడిదండీ, ఇవి నీళ్ళు. బావి తవ్వినా, సంపు కట్టినా ఈశాన్యంలోనే కదా. నా పిల్ల ఊపిరి మీద మాత్రం ఇంకో చెంచా పొయ్యడానికి వీల్లేదు.”

ఆయన బుట్ట తాడు అందుకున్నాడు. గుట్టంతా తవ్వి ఈశాన్యానికి మోసేసరికి పొద్దు వాలింది. పీటర్ వరండాలోంచి చూసి, సరుకు బయటికి తీస్తున్నాడు, ధర పెరిగినట్టుంది అనుకుని ఉంటాడు. బారసాల ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది. పిల్ల వెచ్చగా పడుకున్నాక, దీపాలు పెట్టే వేళ బియ్యంలో పేరు రాశారు.

నాలుగు రోజులకి మళ్ళీ మంచు పడింది. దక్షిణామూర్తి నన్ను తీసుకుని ముందు దారిలోకి వచ్చాడు. బనీను లేదు. మంచు ఎత్తకుండా ఇంటివైపు తిరిగి నిలబడ్డాడు. ముందుగది కిటికీ దగ్గర హైమవతి పిల్లని భుజాన వేసుకుని జోకొడుతోంది.

“ఎటు వెయ్యమంటావ్?” అని అడిగాడు.

ఆ ఇంట్లో ఆయన ఒక మనిషిని ఆ ప్రశ్న అడగడం నేను విన్నది అదే మొదటిసారి. అద్దంలోంచి ఆమెకు వినిపించిందో లేదో, పెదాలు చూసి అర్థం చేసుకుందో, పిల్ల వీపు మీది చెయ్యి తీసి ఒక పక్కకి చూపించింది. ఆ దిక్కు పేరేమిటో నాకు తెలీదు. ఆయనా చూసుకోలేదు. అటే వేశాం.