ఎర్రనూనెలో ముఖం

పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పట్టడం అయ్యాక పెద్ద డ్రైవరు పికప్ బండి దగ్గరికి వచ్చేవాడు. టైర్లను కాలితో తన్ని చూసేవాడు. అద్దం తుడిచేవాడు. కుండీలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గోనెపట్టాలు కుక్కించేవాడు. నర్సరీ గుట్ట మీద ఉంది, మొక్కలమ్మే దుకాణం కింద ఊళ్ళో ఉంది. పొద్దుటి సరుకు ఆయన దించేవాడు, మధ్యాహ్నం సరుకు ఆయన అల్లుడు దించేవాడు. ఇద్దరికీ ఒకే బండి, ఒకే దారి, ఒకే ఇంట్లో భోజనం.

ఆయన వయసంతా లారీల మీదే గడిచింది. చుక్క ముట్టి స్టీరింగ్ ముట్టినవాడు కాదు. దారి పక్క చెట్టుకు కూడా గీత పెట్టలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఎదుటివాళ్ళకు కూడా తెలిసేలా చూసుకునేవాడు.

కొత్తగా కొన్న ఈ పికప్‌కు క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. మొదటిరోజు ఆయన ఎడమకాలు అలవాటుకొద్దీ క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడింది. వెనకున్న గులాబీ కుండీలన్నీ ఒక్కసారిగా క్యాబిన్‌కు సాష్టాంగపడ్డాయి.

"పెద్ద డ్రైవరుగారూ, మొక్కలు దిగి నడిచొస్తామంటున్నాయి!" అని పనివాళ్ళు నవ్వారు.

ఆ రోజునుంచి ఎడమకాలు మడిచి సీటుమీద పెట్టుకుని తోలేవాడు. కాలినైతే మడిచాడుగానీ చేతిని మడవలేకపోయాడు. గుట్ట దిగేటప్పుడు చెయ్యి దానంతట అది గేరును న్యూట్రల్‌లోకి నెట్టేది. బండి వాలుమీద జారుకుంటూ పోయేది, కింద మలుపు రాగానే పరుగులోనే మళ్ళీ గేరులోకి తోసేవాడు. లారీల కాలంలో ఆయన నేర్చిన పొదుపు అది. "నీ చేతిలో బండి గాలి తాగి నడుస్తుందయ్యా" అని పాత యజమాని పదిమందిలో మెచ్చుకున్న చెయ్యి అది.

అల్లుడు ఒకసారి పక్కన కూర్చుని చూసి, మెల్లగా అన్నాడు. "మామయ్యా, దీన్ని దిగుడులో న్యూట్రల్ చెయ్యకూడదట. లోపల పాడవుతుందట."

"ఎవరి దగ్గర చెబుతున్నావు? నీకు మీసం రాకముందే నేను ఘాట్‌రోడ్లు దిగాను."

అల్లుడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెద్దవాడి నోటికి జడిసి మంచిమాట మింగేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ ఇంటికి నష్టం అక్కడే మొదలవుతుంది.

బండి కొన్నాళ్ళు ఓర్చుకుంది. తరవాత గేరు మారినప్పుడల్లా వెనకనుంచి ఎవరో గుద్దినట్టు కుదిపేది. రివర్స్‌లో పెడితే కాసేపు ఆలోచించుకుని కదిలేది. చివరికి ఒకరోజు ఎక్కుడులో ఇంజను గొంతు చించుకుని అరిచిందిగానీ బండి అంగుళం జరగలేదు. అమ్ముడుపోక వెనక్కి తెస్తున్న కుండీలన్నీ ఎండలో ఉండిపోయాయి, మొక్కలు తలలు వాల్చేశాయి.

నర్సరీ అమ్మగారు ఇద్దరినీ పిలిచింది. "కొత్త బండి ఇలా అయ్యిందంటే తోలడంలోనే ఏదో ఉంది. మీరు పెద్దవారు, మీరే చెప్పండి. ఎవరి తప్పు?"

అల్లుడు ఆయన వైపు చూశాడు. ఆయన బండివైపు చూశాడు.

"కుర్రతనం కదమ్మా," అన్నాడు. "వేగం ఎక్కువ. చెబుతూనే ఉన్నాను."

మాట నోటినుంచి ఎంత సుళువుగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది. నిజం చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు అంత నిబ్బరంగా ఉండదు.

అమ్మగారు తల ఊపింది. "సరే. మెకానిక్ చూసి తోలడంలో తప్పేనంటే, ఆ తప్పు చేసినవాళ్ళు ఇక నా బండి ముట్టుకోవద్దు. నర్సరీ గేటు కూడా దాటొద్దు."

అల్లుడు కాదనకుండా వెళ్ళి, వాడిన మొక్కలకు నీళ్ళు చల్లాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కూతురు తండ్రికి వడ్డిస్తూ, "ఆయన నిజంగా అంత దూకుడుగా తోలతారా నాన్నా?" అని అడిగింది. "నేను పక్కన కూర్చుంటే చీమ అడ్డమొచ్చినా బ్రేకు వేస్తారే!"

ఆయన గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగాడు. వాకిట్లో చేతులు కడుక్కుంటున్న అల్లుడే జవాబు చెప్పాడు. "షెడ్డుకెళితే అన్నీ తేలతాయిలే. నాన్నగారిని తిననివ్వు."

ఆయన తిన్నాడు. అబద్ధమాడినవాడికి ఆకలి చావదు. రెండోసారి వడ్డించమని అడిగాడు కూడా. అడిగాక కూతురి ముఖం చూడలేక, కంచంలో మెతుకులు ఏరుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు బండిని తాడుకట్టి షెడ్డుకు లాక్కెళ్ళారు. అక్కడి పెద్దమనిషిని అందరూ దగ్గు మెకానిక్ అంటారు. ఆయన దగ్గడు, బండ్ల దగ్గు కుదురుస్తాడు. గేర్‌బాక్స్ నూనె చూసే కమ్మీ పైకి లాగి, వాసన చూసి, ముఖం చిట్లించాడు.

"మాడిన వాసన. ఇది ఎర్రగా ఉండాల్సిన నూనె, చూడండి, కాటుకైపోయింది. లోపలి ప్లేట్లు కాలాయి. దిగుడులో న్యూట్రల్ చేసి, పరుగులోనే మళ్ళీ గేరులో వేస్తే ఇలాగే అవుతుంది. ఎవరయ్యా ఆ ఘనుడు?"

పెద్ద డ్రైవరు వెళ్ళి గోడవారనున్న బల్లమీద కూర్చున్నాడు.

"చెప్పకపోతే మానెయ్యండి. నూనె దించితే ముఖం వస్తుందిగా," అంటూ ఆయన స్పానర్ వెతుక్కున్నాడు.

పెద్ద డ్రైవరుకు అర్థం కాలేదు. "ముఖమేంటి?"

"అదేంటి పెద్దాయనా! అంత సర్వీసు చేశారు, తెలీదా? ఓహో, మీ లారీల్లో చిక్కనూనె కదూ. దానికి ఆ గుణం లేదు. ఈ పల్చనూనె అలా కాదు. బండిని పాడుచేసిన చెయ్యి ఎవరిదో వాళ్ళ ముఖం పట్టి ఉంచుతుంది. ట్రేలో కదలకుండా నిలవగానే తేలుతుంది."

టైరు మార్పించుకుంటున్న కారాయన అందుకున్నాడు. "మా బండిలో మా అత్తగారి ముఖం వచ్చింది! చాటుగా కారు నేర్చుకుంటోందట మహాతల్లి. కళ్ళజోడుతో సహా వచ్చింది."

"ఆవిడ నయం," అన్నాడు మెకానిక్. "ఒప్పుకుంది. అమ్మగారికి ఫోన్ చెయ్యవయ్యా అల్లుడూ, వచ్చి కళ్ళారా చూసుకుంటారు. రేపు నా షెడ్డు మీదికి మాట రాకూడదు."

అల్లుడు ఫోన్ చేశాడు. ముఖమేంటని అతను అడగలేదు. ఆ నూనె సంగతి అతనికి మొదటినుంచీ తెలుసునని పెద్ద డ్రైవరుకు అప్పుడర్థమైంది. అందుకే అమ్మగారి ముందు నోరు విప్పలేదు. అందుకే ఇంట్లో భార్యకు ధైర్యం చెప్పాడు.

బల్లమీద కూర్చున్న ఆయనకు ఒళ్ళంతా చెమట పట్టింది. ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. గట్టిగా నాలుగు మాటలు. కానీ నిజానికి కూడా వేళ దాటిపోతే ధర పడిపోతుంది. పట్టుబడేముందు చెప్పింది ఒప్పుకోవడమా, భయమా అని ఎవరైనా అడిగితే ఏమంటాడు? అలా తర్కించుకుంటూ, ఆ తర్కం కూడా పిరికితనమేనని తెలిసి, కదలకుండా కూర్చున్నాడు.

మెకానిక్ బండి కిందికి దూరి బోల్టు విప్పాడు. నల్లనూనె మాడువాసన కొడుతూ రేకు ట్రేలో పడింది. ట్రేను బయటికి జరిపి ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అప్పుడే అమ్మగారి ఆటో షెడ్డు ముందు ఆగింది.

నూనెమీద బుడగలు ఒక్కొక్కటే పగిలాయి. అల్లుడు ట్రే పక్కన గొంతుక్కూర్చుని తొంగిచూశాడు. పెద్ద డ్రైవరు కూర్చున్న చోటికి ట్రే కనబడదు. అల్లుడి ముఖం కనబడింది. ఆ ముఖంలో గెలుపు వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. అల్లుడు తలెత్తి మామగారిని చూశాడు. ముసలి ముఖం, చెమట, మోకాళ్ళమీద ఒకదాన్నొకటి పట్టుకున్న చేతులు. అలా కాసేపు చూశాడు.

తరవాత మోచేతిదాకా చెయ్యి ట్రేలో ముంచి గిరగిరా కలిపేశాడు.

"ఓరి నాయనా! ఏం పనయ్యా అది!" మెకానిక్ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఒకసారి కలిస్తే ఇక తేలదు!"

"ఇనపరజను ఉందేమోనని చూశాను."

అమ్మగారు లోపలికి వచ్చింది. నూనె కారుతున్న అతని చేతివంక చూసింది. "రజను చూడ్డానికి చెంచా దొరకలేదా? నీ ముఖం నువ్వే చెరిపేసుకున్నావన్నమాట. ఇంక అడిగేదేముంది!"

అల్లుడు తల దించుకున్నాడు. మోచేతినుంచి నల్లచుక్కలు నేలమీద పడుతున్నాయి.

పెద్ద డ్రైవరు గుండె తేలికపడింది. గండం గడిచింది, ఎవరికీ తెలియదు. ఆ తేలికదనం రెప్పపాటే ఉంది. కానీ తరవాతి బతుకంతా ఆయన సిగ్గుపడింది అబద్ధానికి కాదు, ఆ రెప్పపాటు హాయికి.

ఆయన లేచాడు.

"అది నా ముఖమమ్మా."

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. న్యూట్రల్ చేసింది నేను. వద్దని చెప్పింది అతను. నిన్న మీకు చెప్పింది అబద్ధం."

టైరు కారాయన ఎటో చూడసాగాడు. మెకానిక్ అక్కర్లేని స్పానర్ ఒకటి తీసి తుడవడం మొదలుపెట్టాడు. అమ్మగారు ట్రేవైపు చూసింది, ఆయనవైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకనిపించింది.

"తాళాలు అతనికిచ్చెయ్యండి," అంది చివరికి. "గేటు మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. అది మీ కోసం కాదు."

ఆయన తాళాలు తీసిచ్చాడు. అల్లుడు వాటిని శుభ్రంగా ఉన్న చేత్తో అందుకుని, "టీ తాగుతారా మామయ్యా?" అని అడిగాడు.

ఇంటికెళ్ళి కూతురికి తనే చెప్పాడు. ఆమె వినేసి, తండ్రి చొక్కా ఉతకడానికి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బండమీద బాదిన చప్పుడు వినబడింది.

ఇప్పుడు పొద్దుటి సరుకూ మధ్యాహ్నం సరుకూ అల్లుడే దించుతాడు. పెద్ద డ్రైవరు కుండీలు ఎక్కించి పక్కసీట్లో కూర్చుంటాడు. గుట్ట దిగేటప్పుడు, గేరు పక్కనుండే కుడిచెయ్యి తొడకింద పెట్టుకుంటాడు. పనివాళ్ళు దాన్ని కూడా నవ్వులాటకు పట్టుకున్నారు. ఆయన ఆ మాటలు పడతాడు.

మళ్ళీ నూనె మార్చే వేళకు బండితోపాటు షెడ్డుకు వెళ్ళాడు. మెకానిక్ ట్రే బయటికి జరిపి, "కొంచెం ముదిరిందంతే, రంగు బాగానే ఉంది" అంటూ వెళ్ళిపోయాడు. బుడగలు ఆగేదాకా ఆగి, ఆయన వంగి చూశాడు.

ఎర్రనూనెలో ఆయన ముఖం ఉంది.

చొక్కా గుండీలతో సహా స్పష్టంగా ఉంది. తరవాత, ఒక ఆలోచన వచ్చి, మెల్లగా ఒక అడుగు పక్కకు జరిగాడు. ట్రేలో షెడ్డు పైరేకులు కనబడ్డాయి, వాటి సందులోంచి కొంచెం ఆకాశం.

"ఏంటి మామయ్యా, ఎవరున్నారు?" అన్నాడు వెనకనుంచి అల్లుడు.

"ఎవరూ లేరు," అన్నాడు పెద్ద డ్రైవరు. అయినా అక్కణ్ణుంచి కదలకుండా, ఇంకో అడుగు పక్కకు జరిగి మళ్ళీ చూసుకున్నాడు.